పసుపుపచ్చ కారు బొమ్మ

పిల్లలూ! నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు అనే ఊరు ఉన్నది. ఆ పేరు వినగానే పెద్దలకు జ్ఞాపకం వచ్చేది పసుపు. ఆ చుట్టుపక్కల పొలాల్లో తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబోసి, పైపొట్టు రాలిపోయేటట్టు డ్రమ్ములో వేసి తిప్పుతారు. కొమ్ములు వేరు, మండలు వేరు చేసి, సంచులకెత్తి మార్కెట్టుకు పంపుతారు. 2025లో జాతీయ పసుపు బోర్డును ప్రారంభించినది కూడా నిజామాబాదులోనే.

ఆర్మూరుకు ఇంకొక విశేషం ఉన్నది. రెండు పెద్ద రోడ్లు అక్కడ కలుస్తాయి. ఒకటి హైదరాబాదు నుంచి నాగపూరు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. రెండవది నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి. కాసేపు రోడ్డుపక్క నిలబడితే చాలు, ఎన్ని రకాల కార్లో, ఎన్ని రకాల లారీలో చూడవచ్చు! మొదటి రోడ్డు పట్టుకుని ఉత్తరంగా గోదావరి దాటి, మొత్తం సుమారు 50 కిలోమీటర్లు పోతే నిర్మల్ వస్తుంది. కర్రబొమ్మలకు పేరుపడిన ఊరు అది.

కార్లను చూసే చోటు ఒకటి, బొమ్మలు చేసే విద్య ఇంకొకటి, పసుపు మరొకటి. ఈ మూడింటినీ కలిపి ఈ నెల మనం ఒక కారు బొమ్మ చేద్దాం. అది పసుపుపచ్చ టాక్సీ. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. దానికి ఏ పసుపు వేయాలి? వంటింట్లో డబ్బాలో ఉన్న పసుపా, కొట్లో అమ్మే రంగా? ఇది చిన్న ప్రశ్న కాదని మీకే తెలుస్తుంది.

ఇరవయ్యో వంతు

ఏదో ఒక పెట్టెకు నాలుగు చక్రాలు తగిలిస్తే కూడా కారు బొమ్మ అవుతుంది. కాని నమూనా కారు అనిపించుకోవాలంటే ఒక నియమం ఉన్నది. అసలు కారు పొడవును ఎంతకు తగ్గించామో, దాని వెడల్పునూ, ఎత్తునూ, చక్రాలనూ అంతకే తగ్గించాలి. పొడవు ఇరవయ్యో వంతు, ఎత్తు పదిహేనో వంతు చేస్తే ఆ కారు అద్దంలో వంకరగా కనిపించే ముఖంలాగా తయారవుతుంది.

మనం చేయబోయే కారు అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును ఆధారం చేసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు దీనిని 1950ల చివరి నుంచి 2014 వరకు తయారు చేశారు. కలకత్తా పసుపుపచ్చ టాక్సీ అంటే ఈ కారే. మీ అమ్మా నాన్నలను అడగండి, తాతయ్యను అడగండి. ఇందులో ఎక్కనివారు అరుదు. దీని మూలలన్నీ గుండ్రంగా ఉంటాయి గనక చేత్తో చెక్కడానికి అనువైనది.

అసలు కారు కొలతలు సుమారుగా ఇవి: పొడవు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662, ఎత్తు 1,593. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు దూరం 2,464. చక్రం టైరుతో సహా అటు నుంచి ఇటుకు దాదాపు 680.

వీటిని ఇరవయ్యో వంతుకు తగ్గించడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. ముందు పదితో భాగించి, వచ్చినదాన్ని సగం చేయండి. అప్పుడు మన కారు పొడవు 216 మిల్లీమీటర్లు, వెడల్పు 83, ఎత్తు 80, ఇరుసుల మధ్య దూరం 123, చక్రం 34 అవుతాయి. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. పని పూర్తి అయ్యేదాకా అవే మనకు చట్టం.

ఇక్కడ ఒక తమాషా చూడండి. పొడవు ఇరవయ్యో వంతు అయితే బరువు కూడా ఇరవయ్యో వంతే అవుతుందా? కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనక 20ని 20తో, మళ్ళీ 20తో హెచ్చించాలి. అంటే 8,000వ వంతు! అసలు కారు సుమారు 1,100 కిలోల బరువు. అదే ఇనుముతో, అదే డొల్లతనంతో ఇరవయ్యో వంతు కారు చేస్తే దాని బరువు 140 గ్రాములకు మించదు. మన కారు లోపల డొల్ల ఉండదు. పూర్తి చేసిన తరువాత తూచి, ఎంత తేడా వచ్చిందో చూడండి.

వంతు ఒక్కటే ఎందుకు ఉండాలో చెప్పడానికి ఒక కథ ఉన్నది. ఇంగ్లండులో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు తప్ప మరేవీ తీసుకురాకూడదని నియమం ఉండేదట. అప్పుడాయన అగ్గిపెట్టెలో పట్టేటంతటి రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. మిగతా పిల్లలందరూ తమకూ కావాలన్నారు. 1953లో ఆయన కంపెనీ ‘మ్యాచ్‌బాక్స్’ అనే పేరుతో ఆ చిన్న బళ్ళను అమ్మడం మొదలుపెట్టింది. అవి లోకమంతా పాకిపోయాయి. అయితే పెద్ద లారీ అయినా, చిన్న కారు అయినా అదే పెట్టెలో పట్టాలి గదా! అందుచేత ఆ బొమ్మలను పక్కపక్కన పెడితే లారీ, కారు ఇంచుమించు ఒకే పొడవు ఉండేవి. ఆడుకోవడానికి బాగానే ఉంటుంది. ఊరి నమూనా కట్టడానికి మాత్రం పనికిరాదు.

కర్ర, మక్కు

నిర్మల్ బొమ్మలను పొనికి కర్రతో చేస్తారు. కృష్ణా తీరాన కొండపల్లి బొమ్మలు కూడా ఈ కర్రతోనే చేస్తారు. కర్రలో ఉండే సన్నని గదులనిండా గాలి ఉండటంచేత ఇది చాలా తేలిక. కత్తికి మెత్తగా లొంగుతుంది. పరదేశాలలో నమూనాలు చేసేవారు దక్షిణ అమెరికాలో పెరిగే బాల్సా కర్ర వాడతారు. మనకు పొనికి అటువంటిది.

కాని పిల్లలూ, బొమ్మ కోసం ఎవరూ చెట్టు కొట్టవద్దు. అడవిలో పొనికి చెట్లు తగ్గిపోతున్నవి. బొమ్మల మీదనే బతికే కుటుంబాలకే కర్ర దొరకడం కష్టంగా ఉన్నది. వడ్రంగి దగ్గర మిగిలిన మెత్తని కర్ర ముక్కలు, పండ్లపెట్టెల పలకలు మనకు చాలు. అదీ లేకపోతే మందపాటి అట్టలను ఒకదానిమీద ఒకటి అంటించి దిమ్మెగా చేసుకోవచ్చు. ఆర్మూరు ప్రాంతంలో ఎర్రజొన్న పండుతుంది. చిన్నపిల్లలు జొన్నదంటు బెండుతో బళ్ళు చేసుకోవడం మన పల్లెల్లో పాత అలవాటే. దీపాలు, బంపర్లు వంటి చిన్న భాగాలకు ఆ బెండు చక్కగా పనికివస్తుంది.

ఇక పని మొదలుపెడదాం. 24 మిల్లీమీటర్ల మందం గల మూడు పలకలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అంటిస్తే 72 మిల్లీమీటర్ల దిమ్మె వస్తుంది. కారు అడుగు నేలకు 8 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది గనక మొత్తం 80 సరిపోయింది. కింది రెండు పలకలు కారు ఒళ్ళు, పై పలక కప్పు. కారు ఫోటోను పక్కనుంచి తీసినది ఒకటి, ఎదురునుంచి తీసినది ఒకటి సంపాదించండి. ఫోటో మీద గళ్ళు గీసి, ఆ గళ్ళనే కావలసిన కొలతలో కాగితం మీద గీసుకుని, ఒక్కొక్క గడిలో ఉన్న గీతను అందులోకి దింపితే బొమ్మ తప్పులేకుండా వస్తుంది. ఆ కాగితాన్ని కత్తిరించి దిమ్మె మీద పెట్టి గీసుకోండి.

రంపంతో కోయడం, ఉలితో చెక్కడం నాన్నగారో, అన్నయ్యో దగ్గర ఉన్నప్పుడే చేయాలి. కత్తి ఎప్పుడూ ఒంటికి ఎదురుగా రాకూడదు, అవతలికి పోవాలి. ఒక్కసారిగా గీతదాకా కోయవద్దు. గీతకు 2 మిల్లీమీటర్లు ఇవతలనే ఆగి, మిగిలినది గరుకు కాగితంతో అరగదీయండి. కోసిన కర్రను మళ్ళీ అతికించలేము, అరగదీయడానికి మాత్రం ఎప్పుడూ వీలుంటుంది.

చక్రాల మీది గుండ్రని రెక్కలు, ముందు దీపాల గూళ్ళు చెక్కడం కష్టం. ఇక్కడ మన బొమ్మల పనివారి ఉపాయం అందుకుంటుంది. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్ళు పోసి ఉడికిస్తే చిక్కని జిగురు తయారవుతుంది. అందులో జల్లించిన రంపపు పొట్టు కలిపితే ముద్ద అవుతుంది. కొండపల్లిలో దీనిని మక్కు అంటారు. చింతగింజలో వేడినీళ్ళకు ఉబ్బి బంకగా మారే పదార్థం ఉన్నది. గొంగళ్ళు నేసేవారు నూలుకు గట్టిదనం రావడానికి పెట్టే గంజి కూడా చింతగింజలదే.

మక్కును ఒకేసారి మందంగా పెట్టవద్దు. నీరు ఆరేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది. పైన ఎండి లోపల తడి ఉంటే పగుళ్ళు వస్తాయి. పలచగా ఒక పొర పెట్టి, నీడలో ఆరబెట్టి, దానిమీద ఇంకొక పొర పెట్టండి. పూర్తిగా ఎండిన తరువాత గరుకు కాగితంతో రుద్దితే కర్ర ఎక్కడ ఆగిందో, మక్కు ఎక్కడ మొదలయిందో వేలికి తెలియదు.

చక్రాలకు 34 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల అట్టబిళ్ళలు కత్తిరించి, ఆరేసి కలిపి అంటించండి. సరిగ్గా నడుమ బెజ్జం ఉండాలి. బెజ్జం ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా కారు కుంటుతుంది. ఇరుసుకు సైకిలు ఊచ ముక్క బాగుంటుంది.

ఏ పసుపు?

ఇప్పుడు రంగు సంగతి. పసుపు మన ఇంట్లోనే ఉన్నది గదా, అది వేస్తే పోదా? వేసి చూద్దాం. మూడు కర్రముక్కలు తీసుకోండి.

మొదటి ముక్కకు తడి పసుపు రాసి, ఆరిన తరువాత సగం మేర నల్లకాగితం చుట్టి ఎండలో పెట్టండి. నాలుగైదు రోజుల తరువాత కాగితం విప్పితే, ఎండ తగిలిన సగం వెలిసిపోయి ఉంటుంది. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. నూరు పాళ్ళ పసుపులో అది మూడు పాళ్ళు, అటూ ఇటూ ఉంటుంది. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది. పైన వార్నీషు పూసినా లాభం లేదు. వార్నీషులోనుంచి వెలుతురు పోతూనే ఉంటుంది.

రెండవ ముక్కకు ముందుగా తెల్లని సున్నం పూసి, ఆరకముందే పైన పసుపు రాయండి. పసుపు ఎర్రబడుతుంది! పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి ఇదే గదా. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. కొండపల్లి పనివారు బొమ్మకు తెల్లసున్నం పూసి ఆ పైన రంగులు వేస్తారు. అక్కడ పసుపు వాడితే పసుపుపచ్చ టాక్సీ ఎర్ర టాక్సీ అయిపోతుంది.

మూడవ ముక్క సంగతి తరువాత చెబుతాను.

బాగా మెరిసే పసుపు రంగు కావాలని మనుషులు చాలాకాలం వెతికారు. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త సైబీరియాలో దొరికిన ఎర్రని ఖనిజం ఒకటి పరిశీలించి, అందులో క్రోమియం అనే కొత్త లోహాన్ని కనుక్కున్నాడు. ఆ క్రోమియం, సీసం కలిసి లెడ్ క్రోమేట్ అనే మెరిసే పసుపు రంగు అవుతుంది. దానినే క్రోమ్ యెల్లో అన్నారు. చిత్రకారులు వాడారు, బళ్ళకు వేశారు. 1939లో అమెరికాలో బడి బస్సులన్నింటికీ ఒకే పసుపు రంగు నిర్ణయించినప్పుడు కూడా అందులో ఉన్నది ఈ రంగే.

రంగు బాగానే ఉన్నది. అందులోని సీసం మాత్రం విషం. సీసం శరీరంలోకి పోతే ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. తెలివి మందగిస్తుంది. దానికి ఇంత తక్కువయితే భయం లేదు అనే హద్దు లేదు. బొమ్మను నోట్లో పెట్టుకునే తమ్ముడో, చెల్లెలో ప్రతి ఇంట్లో ఉంటారు.

ఇంతకన్న ఘోరమైన సంగతి ఒకటి విన్నారా? బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలు వచ్చి పసుపు పంట తడిసి రంగు మాసిపోయింది. కొందరు దానికి మెరుపు తేవడానికి ఈ లెడ్ క్రోమేటునే పసుపులో కలపడం మొదలుపెట్టారు. అది అలవాటుగా మారింది. 2019లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టారు. అప్పుడు అక్కడి అంగళ్ళలో తీసిన పసుపు నమూనాలలో నూటికి 47 వాటిలో సీసం కనిపించింది. ప్రభుత్వం ప్రజలకు తెలియజెప్పి, కల్తీ చేసినవారికి జరిమానాలు వేసింది. 2021 నాటికి పరీక్ష చేసిన నమూనాలలో ఒక్కదానిలోనూ సీసం కనబడలేదు! గట్టిగా పట్టుకుంటే రెండు సంవత్సరాలలో ఎంత మేలు జరిగిందో చూడండి.

పసుపు పండించే ఊరి పిల్లలకు ఈ సంగతి మరీ ముఖ్యంగా తెలియాలి. మంచి పసుపు కొమ్ము పైకి అంతగా మెరవదు. విరిస్తే లోపల రంగు కనిపిస్తుంది. పైపై మెరుపు చూసి ధర కట్టేవారు ఉన్నంతకాలం రంగు పూసేవారూ ఉంటారు.

మన దేశంలో ఇళ్ళకూ, అలంకారానికీ వేసే రంగులలో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అయితే మోటారు బళ్ళకూ, యంత్రాలకూ వేసే రంగులకు ఆ నిబంధన కాదు. కనుక షెడ్డులో మిగిలిన లారీ రంగును, అటకమీద ఉన్న పాత డబ్బాను తెచ్చి బొమ్మకు వేయకండి. పాత రంగు ఉన్న చెక్కను గీకి పొడి రేపకండి. పిల్లలు వాడదగినదనీ, సీసం లేదనీ డబ్బా మీద రాసి ఉన్న నీళ్ళ రంగునే కొనండి. కొట్లో బొమ్మ కొనేటప్పుడు దానిమీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదా అని చూడండి. 2021 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

మూడవ ముక్కకు ఆ రంగే వేసి, పసుపు రాసిన ముక్క పక్కన ఎండలో పెట్టండి. తేడా మీకే కనిపిస్తుంది.

రంగు వేసే పద్ధతి

ముందుగా తెల్లరంగు ఒక పూత పూసి, ఆరిన తరువాత సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. పసుపుపచ్చ చాలా పలచని రంగు. కింద తెలుపు లేకపోతే కర్ర రంగు పైకి కనిపిస్తుంది.

తరువాత పసుపుపచ్చ రంగును పలచగా మూడు పూతలు వేయండి. పలచగా ఎందుకంటే, మన కారు మీద అర మిల్లీమీటరు మందం రంగు పడితే, అసలు కారు మీద ఒక సెంటీమీటరు మందం రంగు మెత్తినట్టు! తలుపుల గీతలన్నీ పూడిపోతాయి. మొదటి పూత నిలువుగా, రెండవది అడ్డంగా వేస్తే కుంచె చారలు కనపడవు. ఒక పూత పూర్తిగా ఆరకుండా ఇంకొకటి వేయవద్దు.

వేసవి మధ్యాహ్నం రంగు వేయకండి. కుంచె తీసేలోపలే రంగు ఎండిపోయి గీతలు పడతాయి. ఉదయం పూట మంచిది. నేల మీద కాసిని నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. పసుపు ఆరబోసి డ్రమ్ము తిప్పే రోజుల్లో కళ్ళం దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ పొడి వచ్చి తడిరంగు మీద అంటుకుంటుంది.

అద్దాలకు నల్లరంగు వేయాలి. కాని అందులో రవంత తెలుపు, రవంత నీలం కలపండి. చిన్న వస్తువు మీద అచ్చమైన నలుపు మరీ ముదురుగా కనిపిస్తుంది. దూరాన ఉన్న కొండ ఎలా లేతగా కనబడుతుందో చూశారా? చిన్న కారును కూడా కన్ను దూరాన ఉన్న కారులాగే చూడాలి. గీతలు తిన్నగా రావడానికి అంచున కాగితపు టేపు అంటించి, రంగు కొద్దిగా తడిగా ఉండగానే తీసేయండి. పూర్తిగా ఎండిన తరువాత లాగితే అంచులు పెచ్చులు పెచ్చులుగా లేస్తాయి. బంపర్లకు చాక్లెట్టు చుట్టి వచ్చే వెండికాగితం గోటితో నున్నగా రుద్ది అంటిస్తే ఏ రంగూ ఇవ్వని మెరుపు వస్తుంది.

కారు పూర్తి అయిన తరువాత తెల్లని తడిబట్టతో ఒక మూల రుద్ది చూడండి. బట్టకు రంగు అంటితే ఇంకొక పూత నీళ్ళ వార్నీషు వేయాలి. అంటకపోతే మీ టాక్సీ రోడ్డెక్కవచ్చు.

ఇక్కడితో ఆగకండి. ఊళ్ళో కనిపించే ఆర్టీసీ బస్సును, పసుపు సంచులు మోసే లారీని, పాతకాలపు ఎడ్లబండిని టేపుతో కొలిచి రాసుకోండి. కొలిచేముందు డ్రైవరుగారిని, బండి యజమానిని అడిగి, బండి ఆగి ఉన్నప్పుడే దగ్గరకు వెళ్ళాలి. వాటిని కూడా ఇరవయ్యో వంతులోనే చేయండి. నాలుగూ పక్కపక్కన నిలబెట్టి, మీ టాక్సీ కప్పు లారీలో ఎక్కడిదాకా వచ్చిందో, ఎడ్లబండి చక్రం ముందు కారు చక్రం ఎంత చిన్నదో చూడండి.